గేరు రాడ్డు కిందికి దిగితే



అంబాసిడర్ ముందు సీట్లో ఎంతమంది పట్టేవారని పాత టాక్సీ డ్రైవర్లను అడిగి చూడండి, ముందు నవ్వుతారు. డ్రైవరు పక్కన ఇద్దరనేది పద్ధతి. పెళ్లిళ్ల కాలంలో ముగ్గురు, వాళ్ల ఒళ్లో పిల్లలు అదనం. డ్రైవరు తలుపుకు భుజం ఆనించి, సగం ఒరిగి బండి నడిపేవాడు. ఆ సీటు పొడుగ్గా ఉండటం ఒక వసతి. గేరు రాడ్డు నేల మీద కాకుండా స్టీరింగు పక్కన ఉండటం అంతకంటే పెద్ద వసతి. ప్రీమియర్ పద్మినిలోనూ అదే ఏర్పాటు. మధ్యలో కూర్చున్నవాళ్ల మోకాళ్లకు అడ్డంగా ఇనుప కడ్డీ ఉండేది కాదు.

1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కింది. దాని రాడ్డు నేల మీద ఉంది, పొట్టిగా ఉంది, వేసిన గేరు పడిందో లేదో చేతికి వెంటనే తెలిసేది. ఆ బండి ఒక్కసారి నడిపినవాడికి తన పాత అంబాసిడర్ గేరు మీద మనసు విరిగేది. 1990లలో హిందుస్థాన్ మోటార్స్ ఇసుజు ఇంజనుతో, అయిదు గేర్లతో అంబాసిడర్ తెచ్చినప్పుడు అందులో రాడ్డును కిందికే దించింది. మరి అప్పటికే పాత బండి ఉన్నవాళ్ల మాటేమిటి? వాళ్లు షెడ్లకు వెళ్లారు. రాడ్డు కిందికి దించి పెట్టమన్నారు. దించి పెట్టేవాళ్లూ తయారయ్యారు.

ఇవాళ ఆ పని గురించే మాట్లాడుకుందాం. పాత కారుకు, కంపెనీ ఇచ్చిన గేరు రాడ్డు తీసేసి, బయట దొరికే సెట్టు బిగించడం. ఇప్పుడీ పని చేయించేవాళ్లు టాక్సీవాళ్లు కారు. తండ్రి బండిని దాచుకున్న కొడుకులు, పాత కార్ల మీద సరదా ఉన్నవాళ్లు. డబ్బు పెట్టడానికి వెనకాడరు గాని, దేనికి పెడుతున్నామో తెలుసుకునే ఓపిక కొంచెం తక్కువ.

మొదట తెలుసుకోవలసింది ఇది. గేరు రాడ్డు మారితే గేరుబాక్సు మారదు. బాక్సులో పళ్ల చక్రాలు అవే, వేగాలను కలిపే సింక్రో రింగులు అవే, వాటిని అటూ ఇటూ జరిపే ఫోర్కులు అవే. మీరు కొత్తగా కొంటున్నది మీ చేతి నుంచి ఆ ఫోర్కు దాకా ఉన్న దారిని మాత్రమే. బాక్సు లోపల జబ్బుంటే, పైన ఎంత మెరిసే రాడ్డు పెట్టినా జబ్బు జబ్బుగానే ఉంటుంది.

స్టీరింగు పక్క గేరులో ఈ దారి చాలా పొడుగు. చెయ్యి రాడ్డును కదిపితే స్టీరింగు కాలమ్ వెంబడి ఉన్న గొట్టమో కడ్డీయో తిరుగుతుంది, లేదా పైకీ కిందికీ జరుగుతుంది. అది కాలమ్ అడుగున ఉన్న చిన్న చేతులను కదుపుతుంది. వాటి నుంచి లింకు రాడ్లు బయల్దేరి గేరుబాక్సు మీది చేతులకు చేరతాయి. ప్రతి మలుపు దగ్గరా ఒక బుష్షు, ఒక పిన్ను. ఒక్కో బుష్షు అరిగి వెంట్రుకవాసి ఆట వచ్చిందనుకోండి. అన్నీ కలిసి రాడ్డు కొస దగ్గరికి వచ్చేసరికి అది అంగుళాల్లో తేలుతుంది. రెండో గేరు అనుకుని వేస్తే అది ఏ గేరో బండి కదిలితే గాని తెలియదు.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని చాలామంది గమనించరు. కాలమ్ బాడీకి బిగించి ఉంటుంది. ఇంజనూ గేరుబాక్సూ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటాయి. యాక్సిలరేటరు తొక్కితే ఇంజను ఒక పక్కకు ఒరుగుతుంది, వదిలితే మళ్లీ సర్దుకుంటుంది. అంటే లింకు రాడ్లకు ఒక కొస నిలకడగా ఉంటే, రెండో కొస ఊగుతూ ఉంటుంది. మౌంటింగు రబ్బర్లు చచ్చిపోయిన బండిలో ఈ ఊపు గేరును కూడా బయటికి లాగేస్తుంది. గేరు జారిపోతోందని రాడ్డు సెట్టు మార్పించినవాళ్లలో కొందరికి నిజంగా కావలసింది కొత్త మౌంటింగు రబ్బర్లే.

అందుకని కొనే ముందు కొన్ని పరీక్షలు. ఇంజను ఆపి, ఒకరు లోపల కూర్చుని మెల్లగా గేర్లు వేస్తూ ఉండాలి. ఇంకొకరు బానెట్ ఎత్తి, బండి కింద స్టాండ్లు సరిగ్గా పెట్టి ఉంటే కిందికి దూరి, ప్రతి జాయింటునూ చూడాలి. చెయ్యి కదిలాక లింకు ఎంత ఆలస్యంగా కదులుతోంది, ఏ పిన్ను దాని రంధ్రంలో ఊగుతోంది, ఏ బుష్షు చితికింది, అక్కడే కనబడిపోతుంది. తరువాత ఇంజను నడుస్తుండగా, బండి నిలబెట్టి, క్లచ్ పూర్తిగా తొక్కి, నాలుగైదు సెకన్లు ఆగి రివర్సు వేయండి. అప్పటికీ గర్రుమంటే తప్పు రాడ్డుది కాకపోవచ్చు, క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట. రివర్సు బాగా పడి, నడిచే బండిలో ఒక్క మూడో గేరుకో రెండో గేరుకో మాత్రమే గర్రుమంటే ఆ గేరు సింక్రో అరిగిందని అనుమానించాలి. అన్ని గేర్లూ మెత్తగా పడుతూ, ఎక్కడ పడ్డాయో తెలియనంత లూజుగా ఉంటే, అప్పుడు ఆలోచించాల్సింది రాడ్డు సంగతి.

ఆ లూజు కూడా చాలా బండ్లలో బుష్షులు మార్చి, కొత్త పిన్నులు వేసి, సర్దుబాటు చేస్తే పోతుంది. అచ్చం అలాంటి బుష్షులు దొరకకపోతే విజయవాడ ఆటోనగర్ లో లేతు మీద కొలతకు తిప్పించుకోవచ్చు. నా మాట వింటే ముందు ఆ పనే చేయించండి. ఖర్చు తక్కువ, బండి పాత రూపమూ చెడదు. అప్పటికీ నచ్చకపోతే కొత్త సెట్టు ఎక్కడికీ పోదు.

ఈ కొత్త సెట్ల వ్యాపారం పెద్దదైంది అమెరికాలో. అక్కడ 1930ల చివరి నుంచి స్టీరింగు పక్క గేరే ఫ్యాషను. మూడు గేర్లు, పొడుగు సీటు, కుటుంబమంతా ఒక్క బండిలో. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కుర్రవాళ్లు పాత కార్లకు పెద్ద ఇంజన్లు బిగించి పందేలకు దిగారు. ఇంజను బలం పెరిగింది గాని చేతికీ బాక్సుకూ మధ్య దారి పాతదే. గట్టిగా లాగితే లింకులు వంగిపోయేవి, గేరు మధ్యలో ఇరుక్కునేది. పెన్సిల్వేనియాలో జార్జ్ హర్స్ట్ అనే ఆయన ఇక్కడే తన అవకాశం చూసుకున్నాడు. బిల్ కాంప్‌బెల్ తో కలిసి పెట్టిన కంపెనీ మొదట వేరే సామాను అమ్మినా, పేరు తెచ్చింది మాత్రం నేల మీద బిగించే గేరు రాడ్డే. దళసరి ఉక్కు, గేరుబాక్సుకే నేరుగా బోల్టులతో బిగింపు. ఇంజను ఊగితే రాడ్డు సెట్టూ దాంతోపాటే ఊగుతుంది గనుక ఇందాక చెప్పిన మౌంటింగు గొడవ తీరిపోయింది. 1964లో పాంటియాక్ జీటీవో కారు వచ్చినప్పుడు కంపెనీయే ఆయన రాడ్డు బిగించి అమ్మింది. బయట కొనుక్కునే సామాను కారు ఫ్యాక్టరీలోకి నడిచి వెళ్లడం చిన్న విషయం కాదు.

ఇదే హర్స్ట్, రేసులో గుద్దుకున్న కారులోంచి డ్రైవరును బయటికి తీయడానికి ఎంతసేపు పడుతోందో చూసి, రేకును చీల్చి విడదీసే హైడ్రాలిక్ పనిముట్టు తయారీకి కూడా పూనుకున్నాడు. ప్రమాదంలో నుజ్జయిన వాహనాల తలుపులు విప్పడానికి అగ్నిమాపక దళాలు ఇప్పుడు వాడే పరికరాలకు మూలం అక్కడుంది. గేరు రాడ్ల వల్ల బతికినవాళ్లు ఉన్నారో లేదో గాని, ఆ పనిముట్టు వల్ల బతికినవాళ్లు మాత్రం లెక్కలేనంతమంది.

సరే, బిగింపు దగ్గరికి వద్దాం. ఆ కాలపు అమెరికన్ నాలుగు గేర్ల బాక్సునే ఉదాహరణగా తీసుకుంటాను, దాంట్లో సూత్రం స్పష్టంగా కనిపిస్తుంది. బాక్సు పక్కన మూడు చేతులుంటాయి. ఒకటి ఒకటో గేరుకూ రెండో గేరుకూ, ఇంకొకటి మూడుకూ నాలుగుకూ, మిగిలినది రివర్సుకు. మొదటి రెండు చేతులకూ ముందొక చోటు, వెనకొక చోటు, నడుమ న్యూట్రల్; రివర్సు చెయ్యికి న్యూట్రల్, రివర్సు, ఈ రెండు చోట్లే. రాడ్డు సెట్టులో కూడా మూడు పలకలుంటాయి. పలకకూ చెయ్యికీ మధ్య ఒక్కో లింకు రాడ్డు, దాని కొసన పొడవు సర్దుకోవడానికి మరలు.

మీరు రాడ్డును పక్కకు జరిపినప్పుడు అది ఒక పలకను వదిలి ఇంకో పలకను పట్టుకోవాలి. ఈ బదిలీ జరిగేది ఒక్క న్యూట్రల్ లోనే. మూడు పలకల గాళ్లూ ఒక వరసలో ఉంటేనే రాడ్డు అడ్డంగా జారుతుంది. ఒక్కటి కాస్త ముందుకో వెనక్కో ఉన్నా గీసుకుంటుంది, తన్నుకుంటుంది, ఒక్కోసారి ఇరుక్కుంటుంది. కాబట్టి ఈ పనిలో నేర్పంతా న్యూట్రల్ ను పట్టుకోవడంలో ఉంది. మిగతాది పానా తిప్పడమే.

పట్టుకునే పద్ధతి తేలిక. పలకలన్నిటికీ ఒకే చోట ఒక రంధ్రం ఉంటుంది. హర్స్ట్ సెట్లలో పావు అంగుళం కడ్డీ అందులోంచి ఈ పక్క నుంచి ఆ పక్కకు సాఫీగా దూరితే పలకలు వరసలో ఉన్నట్టు. సెట్టుతో వచ్చిన కడ్డీ పోయిందా, పావు అంగుళం డ్రిల్లు బిట్టు వెనక భాగం సరిపోతుంది. కడ్డీ దూర్చి ఉంచి, బాక్సు మీది మూడు చేతులనూ చేత్తో కదిపి న్యూట్రల్ లో పెట్టాలి. లోపల స్ప్రింగు మీద కూర్చున్న గోలీ గాడిలో పడి టక్కుమంటుంది. ఆ టక్కు చేతికి తగలాలి, ఊహించుకోకూడదు. వెనక చక్రాలు లేపి ఉంటే ప్రొపెల్లర్ షాఫ్టు తిప్పి చూడండి, స్వేచ్ఛగా తిరగాలి.

ఇప్పుడు లింకు రాడ్డు కొసను పలక రంధ్రం ఎదురుగా పట్టుకోండి. దానంతట అది, బలం పెట్టకుండా, బుష్షులోకి జారాలి. జారకపోతే మర తిప్పి పొడవు మార్చండి. ఇక్కడ తొందరపడే మెకానిక్కు ఏం చేస్తాడంటే, కొంచెమే కదా అని స్క్రూడ్రైవరుతో ఎగదోసి దూర్చేస్తాడు. క్లిప్పు పెడతాడు. దూరింది గనుక పని అయిందనుకుంటాడు. ఆ కొంచెమే తర్వాత మూడో గేరు సగమే పడటానికి కారణమవుతుంది. సగం పడ్డ గేరు బరువు మీద జారుతుంది, జారిన ప్రతిసారీ పళ్ల అంచులు గుండ్రబడతాయి. మూడు రాడ్లూ అలా జారాక కడ్డీ తీసి, రాడ్డును న్యూట్రల్ లో అడ్డంగా ఆడించి చూడాలి. ఎక్కడా గీత తగలకూడదు.

తర్వాత స్టాపు బోల్టులు. చాలామంది సర్దకుండా వదిలేసేవి ఇవే. ఉత్సాహంలో చెయ్యి రాడ్డును ఎంత బలంగా తోసినా, గేరు పూర్తిగా పడ్డాక ఆ బలం స్టాపు మీద పడాలి, లోపలి ఫోర్కు మీద పడకూడదు. అందుకే ముందుకొకటి, వెనక్కొకటి బోల్టు ఇస్తారు. ముందు రెండింటినీ వెనక్కి తిప్పి, గేరు పూర్తిగా పడనిచ్చి, అప్పుడు బోల్టును తగిలేదాకా తెచ్చి, ఆపైన సెట్టుతో వచ్చిన కాగితం చెప్పినంత మేరకు సర్ది, లాక్ నట్టు బిగించాలి. స్టాపు ముందుగానే అడ్డుపడితే గేరు సగంలో ఆగుతుంది. ఆలస్యంగా అడ్డుపడితే ఫోర్కు వంగుతుంది. ఫోర్కు వంగిందంటే బాక్సు దింపాలి.

బుష్షులు నైలాన్ వి కావాలా ఉక్కువి కావాలా అని అడుగుతుంటారు. రోజూ ఇంటివాళ్లు ఎక్కే బండికి నైలాన్. చప్పుడు రాదు, అరిగితే మార్చుకోవచ్చు. ఉక్కువి మన్నుతాయి గాని ఇంజను ఖాళీగా తిరిగేటప్పుడు ప్లేట్ల బీరువాలా గలగలమంటాయి.

ఇక నేలకు రంధ్రం. బండికి జరిగే పనుల్లో వెనక్కి తీసుకోలేనిది ఇదొక్కటే, కాబట్టి చివరికి పెట్టుకోండి. ముందు కార్పెట్టు ఎత్తి, బ్యాటరీ తీసేసి, కింద ఏముందో చూడాలి. బ్రేకు పైపు, పెట్రోలు పైపు, వైర్లు. రాడ్డు మధ్య బిందువు కింది నుంచి గుర్తు పెట్టి, సన్నని రంధ్రం ఒకటి వేసి, అట్ట ముక్క మీద ఆకారం గీసుకుని, దాని ప్రకారం కోయాలి. కోసే ముందే రాడ్డు నాలుగు మూలలకూ ఎక్కడికి వెళుతుందో లెక్క చూసుకోవాలి. రెండో గేరులో పొడుగు సీటు అంచుకు తగిలినా, మూడో గేరులో డాష్‌బోర్డుకు వేళ్లు కొట్టుకున్నా పని వృథా. అందుకే ఇలాంటి రాడ్లు తిన్నగా ఉండవు, వంపు తిరిగి ఉంటాయి.

కోసిన అంచుకు రెడాక్సైడు పూయాలి, లేకపోతే రెండు వానాకాలాల్లో తుప్పు పట్టి రంధ్రం తనంతట తానే పెరుగుతుంది. ఆపైన రబ్బరు బూటు, చుట్టూ పట్టీ వేసి స్క్రూలతో. అందానికి పైన తోలు బూటు వేసుకున్నా, లోపల రబ్బరుది ఉండి తీరాలి. కింద సైలెన్సరు గొట్టం పోతూ ఉంటుంది. దాంట్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. అద్దాలు ఎత్తుకుని నడిపే ఈ రోజుల్లో సందు వదలకూడదు. బూటు చిరిగిన బండిని రాత్రి ప్రయాణానికి తీసుకెళ్లడం నాకు అస్సలు ఇష్టం ఉండదు.

కాలమ్ మీద మిగిలిపోయే సామాను సంగతి కూడా చూడాలి. 1969 నుంచి జనరల్ మోటార్స్ కార్లలో తాళం స్టీరింగు కాలమ్ లోకి వచ్చింది. మాన్యువల్ గేరు బండిలో రివర్సులో పెడితేనే తాళం చెవి బయటికి వచ్చేలా బాక్సు నుంచి కాలమ్ కు ఒక రాడ్డు ఉంటుంది. బయటి సెట్టు బిగించినప్పుడు దాన్ని ఊరికే ఊడదీసి వేలాడనివ్వడం మంచి పని కాదు, స్టీరింగు తాళంతో ముడిపడిన వస్తువు అది. మన బండ్లలో ఆ గొడవ లేకపోయినా, రివర్సు లైటు స్విచ్చి ఒకటి ఉంటే దాన్ని కొత్త రివర్సు చెయ్యికి కలపాలి.

అంబాసిడర్ విషయంలో పై వరస అంతా యథాతథంగా పనికిరాదు. దాని బాక్సు మీది చేతుల అమరిక వేరు, బజారులో సిద్ధంగా దొరికే సెట్టుకు నాణ్యత హామీ ఏమీ ఉండదు. కొందరు మెకానిక్కులు రాడ్డు సెట్టు కాకుండా బాక్సే మార్చేస్తారు, వేరే బండిది తెచ్చి. అది ఇంకో పెద్ద కథ, ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు నుంచి స్పీడోమీటరు కేబులు దాకా అన్నీ మారతాయి. ఏ దారి పట్టినా న్యూట్రల్ ను కనుక్కోవడం, పూర్తిగా పడిందో లేదో చూడటం, ఈ రెండూ మారవు.

పొట్టి రాడ్డు గురించి అడిగే కుర్రవాళ్లకు ఒక చిన్న లెక్క. రాడ్డు తిరిగే ఇరుసుకు పైన 10 అంగుళాలు, కింద 2 అంగుళాలు ఉన్నాయనుకోండి. కింద లింకు ఒక అంగుళం జరగాలంటే చెయ్యి 5 అంగుళాలు జరగాలి. కింది భాగాన్ని 3 అంగుళాలు చేస్తే చెయ్యి మూడున్నర అంగుళాల లోపే జరిగితే చాలు. బాగుంది కదా. కాని చేతి మీద పడే బలం ఒకటిన్నర రెట్లవుతుంది. అరిగిన సింక్రో ఉన్న బాక్సుకు ఆ అదనపు బలం మంచిది కాదు. సింక్రో రింగు రెండు వేగాలను కలపడానికి తీసుకునే క్షణాన్ని మీరు తోసుకుంటూ పోతున్నారు. రేసు బండికి సరే. అమ్మను గుడికి తీసుకెళ్లే పద్మినికి ఎందుకు?

ఇంకొక మాట, చట్టం గురించి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను వాహనంలో మార్పుల గురించి మాట్లాడుతుంది. 50 ఏళ్లు దాటిన కార్లను వింటేజి వాహనాలుగా రిజిస్టరు చేసుకోవడానికి 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. చాసిస్, బాడీ షెల్లు, ఇంజనుల్లో మార్పులు చేయకుండా అసలు రూపంలో ఉంచిన బండి అయి ఉండాలని అందులో ఉంది. నేలకు రంపం పెట్టే ముందు రవాణా శాఖ కార్యాలయంలో ఒక మాట అడగండి. మీ నాన్నగారి బండి 1970ల నాటిదైతే ఈ మాట ఇంకా ముఖ్యం.

బిగింపు అయ్యాక ఇంజను వేయకుండానే, ఆగిన బండిలో గేర్లన్నీ పైకీ కిందికీ వేసి చూడండి. రెండు గేర్లు ఒకేసారి పడకుండా ఆపే ఏర్పాటు బాక్సులో ఉంటుంది, దాన్ని పరీక్షించడానికి బలం పెట్టకండి. ఖాళీ రోడ్డు మీద మొదట నెమ్మదిగా, యాక్సిలరేటరు తొక్కుతూ, వదులుతూ, ప్రతి గేరులోనూ నడిపి జారుతోందేమో చూడండి. కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ కిందికి దూరి నట్లన్నీ బిగించండి. కొత్త సెట్టు ఒక్కసారైనా సడలుతుంది.

తీసేసిన పాత కాలమ్ రాడ్డు, లింకులు, పిన్నులు, బొటనవేలంత స్ప్రింగులతో సహా, తుక్కువాడికి వేయకండి. గ్రీసు పూసి, ఏది ఎక్కడిదో చీటీ కట్టి, గోనెసంచిలో చుట్టి డిక్కీలో ఒక మూల పెట్టండి. ఆ సంచి బండితోపాటే ఉండాలి, అమ్మినా సరే. రేపు కొనేవాడికి ముందు సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టుకోవాలనిపించవచ్చు.